అరకు: అమ్మ మోకాళ్ళు, ఇద్దరు పిల్లలు, మూడు రోజులు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మానేరు గట్టు:

అందరికీ నమస్తే. మాది కరీంనగర్. సంక్రాంతి సెలవులు మొదలవగానే బయల్దేరి, భోగికి ముందే అరకు చూసి వచ్చేయాలని ఆలోచన. నేను, నా భార్య, మా అమ్మ, ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరో తరగతి, చిన్నోడు ఒకటో తరగతి. వరంగల్‌లో వైజాగ్ వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కదా, తెరిచిన నిమిషంలోనే బుక్ చేశాను. లేకపోతే పండక్కి వైజాగ్ వైపు టికెట్ దొరకడం కల్ల. తిరుగు ప్రయాణం మూడో రోజు రాత్రి రైలుకి.

సమస్య ఏమిటంటే అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చదును మీద బాగానే నడుస్తుంది, మెట్లంటేనే భయం. కానీ బొర్రా గుహల్లో శివుడున్నాడని ఎవరో చెప్పారట, అప్పటి నుంచి అదొక్కటే అడుగుతోంది. నా భార్యకు ఘాట్ రోడ్డులో వాంతులు. పిల్లలకేమో రైల్లో సొరంగాలు చూడాలని.

ఒక ట్రావెల్స్ అతను ఫోన్లో ఒక్కరోజు ప్యాకేజీ చెప్పాడు. పొద్దున వైజాగ్‌లో ఎక్కితే కాఫీ తోటలు, మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి, బొర్రా, కటికి జలపాతం అన్నీ చూపించి రాత్రికి దింపేస్తాడట. ఆఫీసులో ఇద్దరు మాత్రం "అరకులో ఏముందిరా, వేస్టు" అన్నారు. ఒక్కరోజు సరిపోతుందా? రైలా, కారా? అమ్మను బొర్రాకు తీసుకెళ్ళొచ్చా? గోదావరి దిగిన పొద్దునే అరకు రైలు ఎక్కేయొచ్చా?

డాలస్ డాబా:

మేం ఇండియా వచ్చినప్పుడు నాన్నగారితో వెళ్ళాం. కళ్ళు మూసుకుని విస్టాడోమ్ కోచ్ బుక్ చేసేయండి. పైకప్పు కూడా అద్దమే, సీట్లు చుట్టూ తిరుగుతాయి, ఏసీ ఉంటుంది. 2017లో మొదలుపెట్టారు. డబ్బు కొంచెం ఎక్కువే, కానీ పెద్దవాళ్ళకు హాయి. ఒక్కరోజు ప్యాకేజీ మాత్రం వద్దు. మా నాన్నగారు మధ్యాహ్నానికే "నన్ను ఈ బండిలోనే వదిలేసి మీరు చూసి రండి" అన్నారు.

ఎస్.కోట టీచరమ్మ:

బాబూ, మాది శృంగవరపుకోట. ఘాట్ మొదలయ్యేది మా ఊరు దాటాకే. అనంతగిరి మండలంలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రోజూ ఆ కొండ ఎక్కి దిగినదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

మీ ఆఫీసు వాళ్ళు అన్నది సగం నిజమే. అరకు ఊళ్ళో మీరు అనుకునేంత ఏమీ లేదు. ఒక మెయిన్ రోడ్డు, దానికి రెండు వైపులా హోటళ్ళు, బొంగు చికెన్ బోర్డులు, హారన్లు. చూడాల్సింది దారి. ఎస్.కోట నుంచి అరకు దాకా ఉన్న ఆ కొండదారినే మేం అరకు అనుకుంటాం. ప్యాకేజీ వాళ్ళు ఆ దారిలో బండి ఆపకుండా కొట్టుకుంటూ పోయి, టికెట్ కౌంటర్ ఉన్న చోటల్లా ఆపుతారు. మా ఆడపడుచు వాళ్ళు అలాగే ఒక బస్సులో వెళ్ళొచ్చి, ఏం చూశారని అడిగితే క్యూలు చూశామన్నారు.

అందుకని నా మాట ఇది: పైకి రైల్లో వెళ్ళండి, కిందికి కార్లో రండి, మధ్యలో ఒక రాత్రి పైనే పడుకోండి.

గోదావరి దిగిన పొద్దునే అరకు మీదుగా పోయే కిరండూల్ బండి ఎక్కుదామనే ఆలోచన మానేయండి. గోదావరి టైముకొస్తే ఆరు లోపు దిగుతారు, ఇది ఏడు లోపే కదులుతుంది. కాగితం మీద కుదిరినట్టే ఉంటుంది. కానీ పండగ రోజుల్లో గోదావరి కాస్త ఆలస్యమైందంటే మీరు అమ్మగారిని, సామాన్లను పట్టుకుని ప్లాట్‌ఫారాలు వెతుక్కోవాలి. ఆ టెన్షన్ ఎందుకు? మొదటి రోజు వైజాగ్‌లో పడుకుని లేచి, సాయంత్రం భీమిలి వెళ్ళండి. భీమిలి ఎందుకంటున్నానో కింద చెబుతాను.

రెండో రోజు పొద్దున రైలు. విస్టాడోమ్ గురించి పైన రాసినవారు చెప్పింది అమ్మగారి వరకూ నిజమే. పిల్లలకు మాత్రం అద్దం వెనక కూర్చుంటే సరదా ఉండదు. గాలి తగలాలి, సొరంగంలోకి వెళ్ళగానే బండంతా ఒక్కసారి కేకలు పెడుతుంది, అందులో వీళ్ళూ అరవాలి. మీలో ఇద్దరు విస్టాడోమ్‌లో, మిగతావాళ్ళు మామూలు రిజర్వేషన్ పెట్టెలో కూర్చోండి. ఈ లైను 1960ల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేశారు. మన కోసం వేసింది కాదు. అందుకే ఇప్పటికీ ఖనిజం గూడ్సు ఎదురొస్తే ప్యాసింజరు ఏదో ఒక చిన్న స్టేషన్లో పక్కకు నిలబడుతుంది. నాలుగు గంటల ప్రయాణం అనుకోండి, ఐదైనా తిట్టుకోకండి. మొత్తం లైను మీద 58 సొరంగాలు, ఎక్కువ భాగం ఈ ఘాట్‌లోనే. బొడ్డవర దాటగానే పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ఆపైన వరసగా వచ్చే స్టేషన్లు శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, తర్వాత శిమిలిగుడ. శిమిలిగుడ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనది అదే. మా పిల్లలకు పరీక్షలో ఆ బిట్ ఇచ్చేదాన్ని.

ఇంకో మంచి ఏమిటంటే రైల్లో మలుపులు కడుపులో తిప్పవు. మీ ఆవిడకు ఎక్కేటప్పుడు బాధే ఉండదు. వైజాగ్‌లోనే కారు మాట్లాడుకుని, ఖాళీ కారును రోడ్డు మీద పైకి రమ్మనండి. అరకు స్టేషన్ బయట మిమ్మల్ని ఎక్కించుకుంటాడు. ఇక్కడ అందరూ చేసేదే, డ్రైవర్లకు కొత్త కాదు.

ఆ మధ్యాహ్నం అమ్మగారిని పడుకోనివ్వండి. పద్మాపురం తోట దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. లోపల పిల్లల రైలు ఉంది, నేల చదును. గిరిజన మ్యూజియం కూడా అంతే, అమ్మగారు తేలిగ్గా తిరగగలరు. చాపరాయి పాడేరు దారిలో ఉంది, బండ మీదుగా నీళ్ళు జారుతుంటాయి. పిల్లలకు ఇష్టం. కానీ ఆ బండ పాచి పట్టి ఉంటుంది, ఏటా కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకునేవాళ్ళున్నారు. వెళితే చిన్నోడి చెయ్యి వదలకండి. నన్నడిగితే మానేసినా నష్టం లేదు.

వలిసె పూల ఫొటోలు చూసి వస్తున్నట్టయితే ముందే చెబుతున్నా, ఆ పసుపు పొలాలు నవంబరు మాట. జనవరికి కోతలైపోతాయి. మీరొచ్చే రోజుల్లో చూడాల్సింది కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగలు, మొక్కల మీద ఎర్రగా పండిన కాయలు. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ (ఆ ప్రాంతపు పంటకే చెందే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అది గిరిజన రైతుల పంట బాబూ. ఫొటో కోసం కొమ్మలు విరిచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీరు అలాంటివారు కాదనుకోండి.

మూడో రోజు పొద్దున నింపాదిగా టిఫిన్ చేసి దిగండి. సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటలో చెక్క వంతెన, తర్వాత గాలికొండ వ్యూపాయింట్, ఆపైన బొర్రా. ఇప్పుడు అమ్మగారి విషయం. గుహ నోరు చాలా పెద్దది, లోపల దీపాలు పెట్టారు, ఊపిరాడదేమో అనే భయం అక్కర్లేదు. లోపలికి మెట్లు దిగాలి. దిగడం సులువు, ఎక్కి రావడమే కష్టం. శివలింగం దగ్గరికి మళ్ళీ వేరే మెట్లెక్కాలి, అవి నిటారుగా ఉంటాయి, తడిగా ఉంటాయి. అమ్మగారు మొదటి పెద్ద హాలు దాకా వచ్చి, అక్కడ కూర్చుని చేతులు జోడించుకుంటే చాలు. ఆవు గుహలో పడిపోతే వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి శివుడు కనిపించాడని మా వైపు కథ. ఆ కథ మీరే అక్కడ చెప్పండి, పైకి ఎక్కాలన్న పట్టుదల కొంత తగ్గుతుంది. ఒకరు ఆవిడ దగ్గర ఉండండి, మిగతావాళ్ళు లోపలికి వెళ్ళి రండి. వెళ్ళేది తెరిచిన వేళకే వెళ్ళండి, మధ్యాహ్నానికి బస్సులన్నీ అక్కడే ఉంటాయి. చేతిలో తినేవి ఏవీ పెట్టుకోకండి, కోతులు లాక్కుంటాయి.

పెద్దమ్మాయి ఆరో తరగతి కదా, ఇది చెప్పండి. వాన నీళ్ళు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తూ దిగుతాయి. గుహ కప్పు నుంచి బొట్టు బొట్టుగా పడేటప్పుడు ఆ సున్నం మళ్ళీ పేరుకుంటుంది. పైనుంచి వేలాడేది ఒకటి, కింద నుంచి లేచేది ఒకటి, వేల ఏళ్ళకు రెండూ కలిస్తే స్తంభం. చేత్తో ముట్టుకోవద్దనేది అందుకే, చర్మం మీది జిడ్డు అంటుకుంటే ఆ చోట పెరుగుదల ఆగిపోతుంది.

ఇక భీమిలి. బొర్రా దగ్గర పారే ఏరు గోస్తనీ. ఈ కొండల్లోనే పుట్టి, కింద తాటిపూడి రిజర్వాయరు నింపి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొదటి రోజు సాయంత్రం నది చివర చూసిన పిల్లలకు మూడో రోజు దాని మొదలు చూపిస్తారు. ఏ ప్యాకేజీలోనూ ఇది ఉండదు.

అనకాపల్లి బెల్లం:

టీచరమ్మ గారూ, అంతా బాగుంది గానీ జనవరిలో ఇంత దూరం వచ్చి లంబసింగి, వంజంగి వదిలేస్తే ఎలాగండీ? బ్రదర్, మంచు మేఘాలు కాళ్ళ కింద తేలుతుంటే చూడాలంటే వంజంగే. అరకు నుంచి పాడేరు, అక్కడి నుంచి వంజంగి. మర్నాడు లంబసింగి, పక్కనే తాజంగి రిజర్వాయరు. చలి సున్నా దగ్గరికి పోయే రోజులవి. బొర్రా ఎప్పుడైనా చూడొచ్చు.

ఎస్.కోట టీచరమ్మ:

బెల్లం గారూ, మీరు చెప్పింది కుర్రాళ్ళ ట్రిప్పు. వంజంగిలో సూర్యోదయానికి పైన ఉండాలంటే చీకట్లోనే లేచి కొండెక్కాలి, మోకాళ్ళ నొప్పులున్న ఆవిడతో అది కుదిరే పనా? కారులోనే కూర్చోబెట్టి వెళ్ళాలి, ఆ చలిలో. లంబసింగి అరకు నుంచి కొండల మీదుగా మూడు గంటల దారి, ఆ మలుపుల్లో వాళ్ళావిడ పరిస్థితి ఆలోచించండి. బ్రదర్ ఇంకోసారి స్నేహితులతో వస్తాడు, అప్పుడు మీరే తీసుకెళ్ళండి.

మానేరు గట్టు:

టీచరమ్మ గారూ, మీకు దండం. అమ్మకు మీ జవాబు మొత్తం చదివి వినిపించాను. "హాలులో కూర్చుంటా గానీ, ఆ మెట్లు నేనే చూసి చెప్తా" అంది, చూద్దాం. మూడు సందేహాలు మిగిలాయి. దిగేటప్పుడు కార్లో నా భార్యకు వాంతులు ఎలా ఆపాలి? కటికి వెళ్ళాలా వద్దా? రాత్రి రైలు అందుతుందా?

ఎస్.కోట టీచరమ్మ:

కటికి వద్దు. ఆ రోడ్డు మీ కారుకు పనికిరాదు, జీపు మాట్లాడుకోవాలి, అది కుదుపుతుంది, ఆపైన నడక. జలపాతం బాగుంటుంది, కానీ ఈసారికి కాదు.

వాంతుల సంగతి: ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టండి, కిటికీ తెరిచి ఉంచండి, ఏసీ వద్దు. ఖాళీ కడుపు వద్దు, పూరీ కూడా వద్దు, ఇడ్లీ చాలు. ఫోన్ చూడకూడదు. మాత్ర వేసుకునే అలవాటుంటే బయల్దేరే ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. డ్రైవరుకు ముందే చెప్పండి, మా వైపు కుర్రాళ్ళు మలుపుల్లో కొంచెం హుషారు.

బొర్రా నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరితే, వైజాగ్ తొంభై కిలోమీటర్లు, భోజనానికి ఆగినా చీకటి పడకముందే చేరతారు. ఎస్.కోటలో భోజనం చేయండి, పైన చేయకండి. పైన రేటు ఎక్కువ, కూర తక్కువ. కొండ మీద కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి డ్రైవరు నంబరు కాగితం మీద రాసుకోండి, కొంత డబ్బు నోట్లుగా పెట్టుకోండి.

రాత్రి చలి గట్టిగా ఉంటుంది. అమ్మగారికి స్వెట్టరుతో పాటు మేజోళ్ళు, చెవులకు మఫ్లర్ తప్పనిసరి. రూము అడిగేటప్పుడు వ్యూ సంగతి తర్వాత, ముందు గ్రౌండ్ ఫ్లోర్ ఉందా, వేణ్ణీళ్ళు ఎన్ని గంటలకు ఇస్తారు అని అడగండి. భోగి దగ్గరపడే కొద్దీ ఖాళీలుండవు. కనుమ వచ్చిందంటే మా రెండు మూడు జిల్లాల వాళ్ళూ కొండ మీదే ఉంటారు, కాబట్టి రూము ఈ వారమే చూసుకోండి.

మానేరు గట్టు:

గ్రౌండ్ ఫ్లోర్ రూము ఇప్పుడే ఫోన్ చేసి ఖాయం చేశానండి. వేణ్ణీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకేనట.

ఎస్.కోట టీచరమ్మ:

చాలు. అమ్మగారికి మొదటి బకెట్టు పట్టేయండి, పిల్లలు స్నానం మానేసినా ఎవరూ అడగరు.