బ్యాగులు ఇంటావిడే సర్దాలా, ఎవరివి వాళ్లే సర్దుకోవాలా?

హన్మకొండ చౌరస్తా:
డిసెంబర్ చివర్లో కాశీకి పోతున్నాం. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు, మొత్తం ఆరుగురం. పోయేటప్పుడు కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం, స్లీపర్. వచ్చేటప్పుడు అత్తయ్య మోకాళ్ల కోసం వారణాసి నుంచి హైదరాబాద్‌కు ఫ్లైట్.

ఇన్నేళ్లుగా అందరి బ్యాగులూ నేనే సర్దుతున్నా. పోయినసారి పద్మావతి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి వెళ్లాం. కొండ మీద తెల్లవారుజామున సేవకు తయారవుతుంటే మా ఆయన పంచె కనబడలేదు. ఇస్త్రీ చేయించి మంచం మీద పెట్టిందీ నేనే, బ్యాగులో పెట్టడం మరిచిందీ నేనే. అప్పటికప్పుడు అక్కడే కొత్తది కొన్నాం, పని ఆగలేదు. కానీ "పంచె ఏమైంది" అని నన్ను అడిగినవాళ్లు నలుగురు, వెతికినవాళ్లు ఒక్కరూ లేరు. అక్కడే నాకు మండింది.

ఈసారి ఎవరి బ్యాగు వాళ్లే సర్దుకోవాలని చెప్పేశా. అత్తయ్య అలిగి అన్నం దగ్గర మాట్లాడటం లేదు. మా ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని నవ్వుతున్నారు. నాది తప్పా?

లోకో కాలనీ:
తప్పని అనను చెల్లె, కష్టం అంటాను. మా బాపు రైల్వేలోనే పనిచేశారు కాబట్టి ఈ విషయంలో మా ఇంట్లో అనుభవం కొంచెం ఎక్కువే. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల దాకా ఉచితం. మీ ఆరుగురికి 240 కిలోలు. అంటే బరువుతో పేచీ లేదు, పేచీ అంతా బ్యాగుల లెక్కతోనే. మనిషికొకటి అంటే ఆరు. దుప్పట్ల మూట, తిండి సంచి, నీళ్ల సంచి, పెద్దవాళ్ల చేతి సంచులు కలిపితే పదకొండు. కాజీపేటలో బండి ఆగేది రెండు మూడు నిమిషాలు. ముసలివాళ్లను ఎక్కిస్తారా, పదకొండు బ్యాగులు ఎక్కిస్తారా?

బాపు బండి ఎక్కగానే సీటు కూడా చూసేవారు కాదు, ముందు బ్యాగులు లెక్కపెట్టేవారు. రామగుండం వచ్చేలోపు మూడుసార్లు లెక్క. ఒకసారి తొమ్మిది ఉండాల్సింది, ఎన్నిసార్లు చూసినా ఎనిమిదే. ఎదుటి సీటు వాళ్లను కూడా లేపించారు. తీరా చూస్తే తొమ్మిదోది ఆయన భుజానికే వేలాడుతోంది.

అందుకే రెండు పెద్ద సూట్‌కేసులు, రెండు చిన్న సంచులు, సర్దేది ఒక్కరే. బాపు పాత క్యాలెండర్ కాగితం వెనక జాబితా రాసి సూట్‌కేసు మూతకు లోపలివైపు అంటించేవారు. సత్రం గది ఖాళీ చేసేటప్పుడు అదే చదువుతూ టిక్కులు పెట్టేవాళ్లం. సబ్బు పెట్టె, బట్టలారేసే తాడు, తాళం చెవి అన్నీ అందులో ఉండేవి.

ధర్మపురి గట్టు:
జాబితా మీ బాపు రాసేవారు, బాగుంది అన్నా. బట్టలు మడతపెట్టిందెవరు?

లోకో కాలనీ:
అమ్మ. అక్కడికే వస్తారని తెలుసు.

కరీంనగర్ కోడలు:
అక్కా, నేను పూర్తిగా నీ వైపే. బట్టలు మడతపెట్టడానికి ఒక గంట చాలు. ఆరుగురికి ఏమేం కావాలో తలలో పెట్టుకుని వారం రోజులు తిరుగుతాం చూడు, ప్రాణం తీసేది ఆ టెన్షనే.

మా ఇంట్లో మూడేళ్ల నుంచీ ఎవరిది వాళ్లే. మొదటిసారి మావాడికి ఏడేళ్లు. వాడి బ్యాగు తెరిచి చూస్తే రెండు చొక్కాలు, ఒక ప్లాస్టిక్ డైనోసార్, స్కూల్ బెల్టు. లాగు ఒక్కటీ లేదు. ఏమీ అనలేదు, రెండు లాగులు చప్పుడు కాకుండా నా బ్యాగులో వేసుకున్నా. ఊరు చేరి స్నానం చేశాక వాడికే తెలిసొచ్చింది. రెండోసారికి లాగులు వచ్చాయి, డైనోసార్ మాత్రం ఇంకా వస్తోంది.

మా ఆయన తొలిసారి సర్దుకున్నప్పుడు మూడు చార్జర్లు, ఒక్క బనియను. ఆ బనియనే రోజూ రాత్రి ఉతుక్కున్నారు. నాకేం?

ఇంకోటి. అన్నీ ఒకే పెద్ద సూట్‌కేసులో ఉంటే, అది పోయిందంటే ఇంటిల్లిపాదీ కట్టుబట్టలతో మిగులుతారు. మేం నావి ఒక జత ఆయన బ్యాగులో, ఆయనవి ఒక జత నా బ్యాగులో పెడతాం.

ఖని సెకండ్ షిఫ్ట్:
ఎవరు సర్దుతారన్నది మీ ఇంటి పంచాయితీ. ఏ బ్యాగులో సర్దాలో మాత్రం నేను చెప్తా. గోదౌలియా దాటాక గుడి చుట్టుపక్కల సందుల్లోకి ఆటో రాదు. రాళ్లు పరిచిన ఇరుకు దారులు, మెట్లు, ఎదురుగా తీరిగ్గా నిలబడ్డ ఆవు. మా చక్రాల సూట్‌కేసుకు ఒక చక్రం అక్కడే ఊడింది. మిగతా దారంతా దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచాను, వెనక మా ఆవిడ వీడియో. భుజాలకు వేసుకునే బ్యాగులే తీసుకెళ్లండి. అప్పుడు ఎవరు మోయగలిగినంత వాళ్లే సర్దుకుంటారు.

చలి గురించి ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో అక్కడ రాత్రిళ్లు పది డిగ్రీల కిందికి దిగుతుంది. మన దగ్గర ఎండలో ఎక్కుతాం కదా అని స్వెటర్లు అడుగున పెట్టకండి, ఇటార్సీ దాటాక అర్ధరాత్రి బ్యాగంతా తవ్వుకోవాల్సి వస్తుంది. ఏసీ బోగీల్లో దుప్పట్లు రైల్వేవాళ్లే ఇస్తారు, స్లీపర్‌లో ఇవ్వరు. పొగమంచు పడితే ఆ దారిలో బండ్లు గంటలకొద్దీ లేటు, తిండి దానికి తగ్గట్టు చూసుకోండి.

మేడారం అయితే ఈ గొడవే లేదు. బియ్యం, గిన్నెలు, కోళ్లు, బెల్లంతో సహా ఇల్లు ఇల్లే ట్రాక్టర్ ఎక్కుతుంది. రెండేళ్లకోసారి కాబట్టి బతికిపోయాం.

పాత వరంగల్ పెద్దమ్మ:
నేను మీ అత్త వైపు మాట్లాడుతా బిడ్డా. నాకు అరవై ఎనిమిదేళ్లు. బెర్తు కిందికి వంగి బ్యాగు లాగలేను, రాత్రిపూట జిప్పు కనబడదు. "మీ బ్యాగు మీరే సర్దుకోండి" అంటే నా చెవికి "నీ సంగతి నువ్వే చూసుకో" అన్నట్టు వినబడుతుంది. ఆమె అలిగింది దానికేనేమో, అడిగి చూడు.

మా కోడలు నన్ను మంచం మీద కూర్చోబెట్టి, బ్యాగు ముందర తెరిచి పెట్టి "ఏది పెట్టాలె అత్తమ్మా" అంటుంది. నేను చెప్తా, ఆమె పెడుతుంది. ఏది ఏ పక్కన ఉందో ఇద్దరికీ తెలుస్తుంది. గోళీలు మాత్రం నేనే చూసుకుంటా. బీపీ గోళీలు రెండు భాగాలు చేసి ఒకటి నా చేతి సంచిలో, ఒకటి మా ఆయన జేబులో. నాలుగు రోజులవి ఎక్కువ, డాక్టర్ చీటీతో సహా.

ఇక సద్ది. సర్వపిండి మొదటి రోజు మధ్యాహ్నానికే, ఆ తర్వాత గట్టిపడుతుంది. రాత్రికి పులిహోర. మర్నాటికి సకినాలు, గరిజెలు, అటుకుల చుడువా. సకినాలు కవర్లో వేస్తే నాగ్‌పూర్‌కే పొడి అవుతాయి. స్టీలు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఖాళీ ఉన్నచోట పాత నూలు దస్తీ కుక్కి మూత పెట్టు. ఊపితే చప్పుడు రావద్దు.

ములుగు పోరడు:
తిరుగు ప్రయాణం ఫ్లైట్ అని అక్క మొదట్లోనే చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. రైల్లో 40 కిలోలు నడుస్తుంది. దేశం లోపలి విమానాల్లో మామూలుగా మనిషికి 15 కిలోలు, చేతి బ్యాగు 7. అన్నీ ఒకే పెద్ద సూట్‌కేసులో కుక్కి అది 32 కిలోలు దాటితే కౌంటర్ దగ్గర తీసుకోరు. ఒక కుటుంబాన్ని చూశా. నేల మీద సూట్‌కేసు తెరిచి లంగాలు, చీరలు, ఇత్తడి చెంబులు అందరి ముందూ తీసి వేరే సంచుల్లో వేసుకుంటున్నారు. లైన్‌లో ఉన్నవాళ్లమంతా పైకప్పు వైపు చూశాం. పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే ఉండాలి. గంగ నీళ్ల చెంబులు మాత్రం లోపలికి పంపే బ్యాగులో, బట్టల మధ్య.

లోకో కాలనీ:
ఫ్లైట్ సంగతి నేను సరిగ్గా చదవలేదు. రెండు పెద్ద సూట్‌కేసులన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. జాబితా మాట మాత్రం తీసుకోను.

హన్మకొండ చౌరస్తా:
పెద్దమ్మా, నిన్న రాత్రి అత్తయ్య పక్కన కూర్చున్నా. మీరన్నదే. "బయటి మనిషికి చెప్పినట్టు చెప్పినవు" అన్నారు. ఆమె బ్యాగు ఇద్దరం కలిసి సర్దుతాం. మందులు, టికెట్లు, ఆధార్ కార్డులు నా దగ్గరే ఉంటాయి, అవి ఇంకొకరికి ఇచ్చే ధైర్యం నాకింకా లేదు. తిండి అత్తయ్యది. బ్యాగుల లెక్క మా ఆయనకు అప్పజెప్పా, కాశీలో కాకరకాయ వదిలేస్తానని బేరాలాడుతున్న మనిషి, ఆ మాత్రం చెయ్యాల్సిందే. పిల్లల బ్యాగులు పిల్లలవే, ముందు రోజు ఒక్కసారి తెరిచి చూస్తా.

మామయ్య మాత్రం ఎవరికీ చెప్పకుండా అప్పుడే సర్దుకుని బ్యాగు తలుపు దగ్గర పెట్టేశారు. ప్రయాణం ఇంకా పదకొండు రోజులుంది. రోజూ పొద్దున జిప్పు తీసి బ్రష్షు, పేస్టు తీసుకుని, పని కాగానే మళ్లీ అందులోనే పెట్టి జిప్పు వేస్తున్నారు.