కెర్నల్ బయట మాడ్యూల్ ఇంకెన్నాళ్లు మోయాలి? మెయిన్‌లైన్‌కి (అధికారిక కెర్నల్‌లోకి) పంపడమే దారా?

ఐఆర్‌క్యూ9:
మా దగ్గర ఒక పాత పీసీఐ డేటా సేకరణ కార్డు ఉంది. దాని లినక్స్ మాడ్యూల్, అంటే కెర్నల్‌లో లోడయ్యే డ్రైవర్, మేమే రాసుకున్నాం, కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని మళ్లీ బిల్డ్ చేసే డీకేఎంఎస్‌తో నెట్టుకొస్తున్నాం. డెబియన్ 12 నుంచి 13కి, అంటే కెర్నల్ 6.1 నుంచి 6.12కి మారగానే బిల్డ్ పోయింది. క్లాస్_క్రియేట్ అనే కెర్నల్ ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయని కంపైలర్ గోల. 6.4లో మొదటి ఆర్గ్యుమెంట్ తీసేశారట! అది అక్కడుంటే ఎవరికి నష్టం? అంతకుముందు 4.15లో టైమర్లు మార్చారు, 5.0లో యాక్సెస్_ఓకే, 5.6లో ప్రాక్ ఫైళ్లకు కొత్త స్ట్రక్చర్. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌ని ఓ అయిదేళ్లయినా కదపకుండా ఉంచలేరా? మీరేమంటారు?

ప్యాచ్‌రాయుడు:
ఉంచరు. ఎందుకు ఉంచరో కెర్నల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఎప్పుడో రాసిపెట్టారు, కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. యూఎస్‌బీ లోపలి ఇంటర్‌ఫేస్‌ని కనీసం మూడుసార్లు తిరగరాశారని అందులోనే చెప్పారు. పాతది కదపకూడదని కూర్చుంటే ఆ తిరగరాతలు జరిగేవే కావు. ఇక మీ ఆర్గ్యుమెంట్ సంగతి. క్లాస్_క్రియేట్ దాన్ని తీసుకుని ఏమీ చేసేది కాదు, అందుకే పీకేశారు. పీకినవాళ్లే కెర్నల్ చెట్టులో (అధికారిక సోర్స్ ట్రీలో) దాన్ని పిలిచే ప్రతి డ్రైవర్‌నీ సరిచేశారు. మీది చెట్టులో ఉంటే మీకు తెలియకుండానే సరయిపోయేది. మెయిన్‌లైన్‌కి పంపండి, గొడవ వదులుతుంది.

రూట్‌లేదు:
కొత్త కెర్నల్‌తో పాటే దాని హెడర్లనీ తెచ్చే మెటాప్యాకేజీ ఉందో లేదో ముందు చూసుకోండి. అది లేక కొత్త కెర్నల్‌కి డీకేఎంఎస్ బిల్డే చేయదు. రీబూట్ అయ్యాక గానీ మనకు తెలియదు.

ఐఆర్‌క్యూ9:
హెడర్లు ఉన్నాయండీ, లేకపోతే కంపైలర్ దాకా ఎలా వస్తుంది?

ప్యాచ్‌రాయుడు గారూ, ఏమీ చేయని ఆర్గ్యుమెంట్ అయితే అలాగే వదిలేయొచ్చుగా. ఇప్పుడు నా ఫైల్ నిండా ఇఫ్‌డెఫ్‌లే. 6.4 కంటే పైనయితే ఇది, కిందయితే అది. దానికి తోడు రెడ్‌హ్యాట్ వాళ్లు. వాళ్ల ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో కెర్నల్ పేరు 4.18, లోపల మాత్రం ఎక్కడెక్కడి కొత్త మార్పులో వెనక్కి తెచ్చి పెట్టారు. వెర్షన్ నంబర్ చూసి రాసిన ఇఫ్‌డెఫ్ అక్కడ బోల్తా.

ప్యాచ్‌రాయుడు:
వెర్షన్ నంబర్ ఎందుకు చూస్తున్నారు అసలు? జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ కూడా కెర్నల్ బయటి మాడ్యూలే, వాళ్లు కాన్ఫిగర్ దశలో చిన్న చిన్న సీ ముక్కలు కంపైల్ చేసి చూస్తారు. ఒక్క ఆర్గ్యుమెంట్‌తో క్లాస్_క్రియేట్ కంపైల్ అయిందా, కొత్త పద్ధతి. కాలేదా, పాతది. రెడ్‌హ్యాట్ అయినా ఇంకేదైనా ఇబ్బంది ఉండదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వరస.

జైలుగది:
లినక్స్ వదిలి ఫ్రీబీఎస్‌డీ ఓఎస్‌కి రండి. ఒక మేజర్ బ్రాంచ్ పొడుగునా మాడ్యూల్ ఇంటర్‌ఫేస్ కలిసే ఉండాలన్నది అక్కడి పద్ధతి.

టెర్మినల్‌వాసి:
గ్రాఫిక్స్ మాడ్యూల్‌ని అడగండి ఆ మాట. మైనర్ రిలీజ్ వచ్చిన ప్రతిసారీ పాతదాని మీద కట్టిన ప్యాకేజీ వేసుకుని నల్ల తెర చూసినవాళ్లు కోకొల్లలు. ఓపెన్‌బీఎస్‌డీ నయం, 5.7కల్లా లోడబుల్ మాడ్యూళ్లనే ఎత్తేసింది. గొడవే లేదు.

ఐఆర్‌క్యూ9:
మద్దెల మాటకొస్తే, కంపైల్ పరీక్ష ప్రవర్తనలో మార్పుని పట్టుకోదు. ఫంక్షన్ పేరూ ఆర్గ్యుమెంట్లూ అలాగే ఉండి, లోపల లాక్ పట్టుకునే పద్ధతి మారితే? కంపైల్ అవుతుంది, లోడ్ అవుతుంది, పని ఒత్తిడి పెరిగినప్పుడు వేలాడిపోతుంది. మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడు కెర్నల్ సరిచూసే మోడ్‌వెర్షన్స్ సీఆర్‌సీ కూడా టైపుల్నే చూస్తుంది గానీ ప్రవర్తనని చూడదు. దీనికేమంటారు?

ప్యాచ్‌రాయుడు:
అనేది ముందే అన్నాను. చెట్టులో ఉంటే లాక్ పద్ధతి మార్చినవాడే మీ కోడ్ కూడా చూస్తాడు. ఇన్ని పోస్టులు పెట్టారు, ఒక్కసారైనా పంపి చూశారా?

ఐఆర్‌క్యూ9:
పంపాం! అడిగారు కాబట్టి వినండి. సొంత క్యారెక్టర్ డివైస్, సొంత ఐఓసీటీఎల్‌లు (ప్రోగ్రాములు డ్రైవర్‌కి ఆదేశాలిచ్చే కాల్స్) ఒప్పుకోం, ఇలాంటి కార్డుల కోసం కెర్నల్‌లో ఉన్న కొమెడీలోకో ఐఐఓలోకో మార్చుకు రండి అన్నారు. కార్డు రిజిస్టర్ల గురించి ఒక్క మాట లేదు. మా వాడుకదారుల ప్రోగ్రాములన్నీ ఆ ఐఓసీటీఎల్‌ల మీదే నడుస్తున్నాయి. కొన్నిటికి సోర్సే లేదు, రాసిన మనిషీ లేడు. ఒక ఆర్గ్యుమెంట్ కోసం ఏడుస్తున్నాననుకుంటున్నారు మీరు. మెయిన్‌లైన్‌కి వెళ్లాలంటే మా వాళ్లందరి ప్రోగ్రాములూ నేనే విరగ్గొట్టాలి. యూజర్‌స్పేస్‌ని, అంటే కెర్నల్ మీద నడిచే ప్రోగ్రాముల్ని, విరగ్గొట్టం అని గొప్పలు చెప్పేది మీ కెర్నల్ వాళ్లే కదా.

డెమన్64:
అదీ సంగతి. ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది కదా అన్నా.

ప్యాచ్‌రాయుడు:
యూజర్‌స్పేస్‌ని విరగ్గొట్టం కాబట్టే మీ ఐఓసీటీఎల్‌లు వద్దన్నారు! ఒకసారి లోపలికొచ్చిన ఇంటర్‌ఫేస్‌ని మళ్లీ తీయలేరు. మీరు ఒక్కరు రాసుకున్నది, మీరు మానేశాక కూడా, ఎవరో ఒకరు మోస్తూనే ఉండాలి. ఆ ఎవరో ఒకరిని నేనే. ఒక డ్రైవర్ నా నెత్తిన పడింది. రాసినాయన మెయిల్ బౌన్స్ అవుతుంది, హార్డ్‌వేర్ నేను కంటితో చూడలేదు, బగ్ రిపోర్టులు మాత్రం నాకే. ఐఓసీటీఎల్ స్ట్రక్చర్‌లో పాయింటర్ పెట్టి వెళ్లాడు, 32 బిట్ ప్రోగ్రాము 64 బిట్ కెర్నల్ మీద నడవాలంటే దానికో కంపాట్ దారి రాయాలి. జీతం లేదు, కృతజ్ఞత అసలే లేదు. మీ వాడుకదారులకు మాటిచ్చింది మీరు. ఆ మాట మేమెందుకు నిలబెట్టాలి?

ఐఆర్‌క్యూ9:
నిలబెట్టమని అడగలేదు. నేను నిలబెట్టుకుంటుంటే కాళ్లు లాగొద్దంటున్నా.

టెర్మినల్‌వాసి:
ఇద్దరూ కాసేపు ఆగండి. కార్డుకి డీఎంఏ (కార్డే నేరుగా మెమరీని చదవడం, రాయడం) ఉందా? లేకపోతే యూఐఓ చాలు: ఇంటరప్ట్ ఒక్కటే కెర్నల్‌లో, రిజిస్టర్లు ఎంమ్యాప్ చేసుకుని మిగతాదంతా యూజర్‌స్పేస్‌లో. డీఎంఏ ఉంటే వీఎఫ్‌ఐఓ, దానికి ఐఓఎంఎంయూ (డివైస్ ఏ మెమరీని తాకొచ్చో కట్టడి చేసే హార్డ్‌వేర్) కావాలి. ఆ ఇంటర్‌ఫేస్‌లు రెండూ కదలవు.

ఐఆర్‌క్యూ9:
డీఎంఏ ఉంది. ఆ పెట్టెల్లో సగానికి ఐఓఎంఎంయూ లేదు. ఉన్నా, సోర్సు లేని ప్రోగ్రాము ఐఓసీటీఎల్‌నే పిలుస్తుంది కదండీ.

రూట్‌లేదు:
సంతకం లేని కోడ్‌ని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా? డీకేఎంఎస్ సంతకం చేసిన కీని ఎన్‌రోల్ చేయకపోతే బిల్డ్ అయినా మాడ్యూల్ లోడ్ కాదు.

ప్యాచ్‌రాయుడు:
సరే, ఒక పని చేయండి. హార్డ్‌వేర్ భాగాన్ని కొమెడీ డ్రైవర్‌గా విడదీసి పంపండి. 5.13లో కొమెడీ స్టేజింగ్ (ఇంకా సిద్ధం కాని డ్రైవర్లుండే చోటు) నుంచి బయటికొచ్చింది, రివ్యూ చేసేవాళ్లున్నారు. పాత ఐఓసీటీఎల్‌లు పలికే పలుచని పొరని మీ దగ్గరే ఉంచుకోండి. అది విరిగినా పదిహేను వందల లైన్లు విరగవు, వంద లైన్లే విరుగుతాయి.

ఐఆర్‌క్యూ9:
ఆ వంద లైన్లలోనే క్లాస్_క్రియేట్ ఉంటుంది.