ల్యూమియేర్ మూకీలు: 16 ఫ్రేములా, 60 ఫ్రేములా?

తెరవెనుక: సినిమాకి ఆద్యులైన ఫ్రాన్స్ ల్యూమియేర్ సోదరులు 1895–96లో తీసిన చిన్న చిత్రాలు ఓ పది ప్రదర్శనకు పెట్టాలి. నెట్‌లో రెండు రకాల కాపీలున్నాయి. ఒకదాంట్లో మనుషులు గబగబా గంతులేస్తూ నడుస్తారు. రెండోది ఏఐతో 4కే స్పష్టతకి, సెకనుకి 60 ఫ్రేములకు పెంచినది. ఫ్రాన్స్‌లోని లా సియోతా స్టేషన్‌కి రైలు వచ్చే చిత్రాన్ని 2020లో అలా చేసి పెట్టాక ఈ రకం బోలెడు వచ్చాయి. చూసేవాళ్ళకి నచ్చేది రెండోదే. పెట్టడం తప్పా?

రీలుడబ్బా: తప్పేనండీ. ల్యూమియేర్ల కెమెరా సినిమటోగ్రాఫ్. దాని హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే 8 ఫ్రేములు కదులుతాయి. సెకనుకి రెండు చుట్లు, అంటే 16. అరవైని 16తో భాగిస్తే 3.75, సమంగా పోదు. ఆ రెండు లెక్కలూ ఒకే క్షణంలో కలిసేది సెకనుకి నాలుగుసార్లే. కాబట్టి తెర మీద పడే 60 బొమ్మల్లో కెమెరా తీసినవి నాలుగు, మిగతా 56 సాఫ్ట్‌వేర్ ఊహించి గీసినవి. అసలు తీసిన పదహారులో పన్నెండు మాయం!

ఆ ఊహ ఎక్కడ దెబ్బతింటుందో చూడాలంటే ప్లాట్‌ఫాం మీద నడిచేవాళ్ళ కాళ్ళ దగ్గర ఆపి, ఒక్కో ఫ్రేమే ముందుకు జరపండి. ఒక కాలు రెండోదాన్ని దాటే చోట రెండూ కలిసి ముద్దవుతాయి, మళ్ళీ విడిపోతాయి. దుమ్ము మచ్చ ఒరిజినల్‌లో ఒక్క ఫ్రేములోనే ఉంటుంది. పక్క ఫ్రేములో దానికి జోడీ దొరక్క, సాఫ్ట్‌వేర్ దాన్ని అటూ ఇటూ పులిమేస్తుంది.

వెన్నెలతెర: లెక్క ఒప్పుకుంటాను గానీ తీర్పు ఒప్పుకోను. 1895 డిసెంబరు 28న పారిస్ గ్రాండ్ కఫేలో టికెట్టు కొని చూసినవాళ్ళని కట్టిపడేసింది ప్రాణమున్నట్టు కదిలే బొమ్మ. ఇవాళ్టి పిల్లలకి గంతులేసే కాపీ చూపిస్తే నవ్వేసి లేచిపోతారు. వాళ్ళని కూర్చోబెట్టేది ఆ నునుపైన కదలికే. ఒరిజినల్ ఎలాగూ ఆర్కైవ్‌లో భద్రంగా ఉంది కదా.

రీలుడబ్బా: ఆ గంతులు 16 వల్ల వచ్చినవి కావు. సెకనుకి 16లో తీసిన బొమ్మని తర్వాతి సినిమాల వేగమైన 24లో నడిపితే వేగం ఒకటిన్నర రెట్లవుతుంది. 800 ఫ్రేములున్న కాపీ 16లో 50 సెకన్లు నడవాలి, 24లో 33 సెకన్లకే అయిపోతుంది. ముందు వేగం సరిచేసి చూపించండి, ఎవరూ నవ్వరు.

ఇటుకలెక్క: పదహారునీ వేదవాక్కు చేయకండి. తిప్పేది మనిషి చెయ్యి, కాస్త అటూ ఇటూ అవుతుంది. వేగం తేల్చాలంటే కింద పడే వస్తువుని పట్టుకోవాలి. 1896లో తీసిన గోడ కూల్చే చిత్రం ఉంది కదా, అలాంటివి ఇందుకు పనికొస్తాయి. అయితే గోడ మొత్తం వాలేదాన్ని కొలవకూడదు. అది అడుగున ఆనుకుని తలుపులా తిరుగుతుంది కాబట్టి లెక్క వేరు. పైనుంచి విడిగా ఊడిపడే పెళ్ళ కావాలి. రెండు మీటర్లు పడటానికి 0.64 సెకను. ఫ్రేములు లెక్కపెడితే పది వస్తే తీసిన వేగం 16, పదమూడు వస్తే 20. ఎత్తు కొలవడానికి కెమెరాకి అంతే దూరంలో నిలబడ్డ మనిషిని కొలబద్దగా తీసుకోండి. ముందున్న మనిషితో కొలిస్తే ఎత్తు తక్కువగా తేలి, లెక్కంతా తప్పుతుంది.

తెరవెనుక: సరే, 16 అనే అనుకుందాం. మా ప్రొజెక్టర్ 16 తీసుకోదు. 24గానీ 48గానీ 60గానీ కావాలంటుంది.

రీలుడబ్బా: 48 పెట్టండి. ప్రతి ఫ్రేమూ సరిగ్గా మూడుసార్లు పడుతుంది, కొత్త బొమ్మ ఒక్కటీ పుట్టదు. వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో, స్కాన్ చేసిన బొమ్మల వరసకి ఇన్‌పుట్ ఫ్రేమ్‌రేట్ 16, అవుట్‌పుట్‌కి 48 ఇస్తే చాలు. 24లోకి మారిస్తే ఒక ఫ్రేము ఒకసారి, పక్కది రెండుసార్లు పడి నడక కుంటుతుంది. మీ కాపీ ఇప్పటికే అలా 24లో ఉంటే, ప్రతి మూడింటిలో వచ్చే నకలు ఫ్రేముని ముందు తీసేయండి. పక్కపక్క ఫ్రేముల్ని కలిపి మసక చేసిన కాపీ అయితే వదిలేయండి, దాన్ని విడదీయలేం.

వెన్నెలతెర: ఒక్కో ఫ్రేము మూడుసార్లు మెరవడమూ 1895 నాటిది కాదుగా? ప్రొజెక్టర్‌లో తిరుగుతూ ఒక్కో ఫ్రేము వెలుగుని మూడుసార్లు ఆపే మూడు రెక్కల షట్టర్ తర్వాత వచ్చింది. గ్రాండ్ కఫేలో బొమ్మ బాగా మినుకుమినుకుమంది. ఆ మినుకు తీసేయడం ఒప్పయినప్పుడు నునుపు చేయడం తప్పెలా అవుతుంది?

రీలుడబ్బా: మంచి ప్రశ్న. మినుకు ప్రొజెక్టర్‌ది, అది ఫిల్మ్ మీద లేదు. యంత్రం మారితే పోతుంది, మళ్ళీ కావాలంటే తెచ్చుకోవచ్చు. ముద్దయిన కాళ్ళు అలా కాదు, అవి చూసేవాడి కంటికి చేరే బొమ్మలోనే ఉంటాయి. బొమ్మ ఊగిపోకుండా నిలపడం, వెలుగు సమం చేయడం కావలసినంత చేయండి, నాకు అభ్యంతరం లేదు.

వెన్నెలతెర: అయితే ఒక పని చేయండి. రైలు చిత్రం ఒక్కటీ ముందు 48లో వేసి, వెంటనే 60 కాపీ వేయండి. రెండోదాని ముందు తెర మీద ‘ఈ ఫ్రేముల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ గీసినవి’ అని రాసి పెట్టండి. అలా రాయకుండా వేయడం తప్పని నేనూ ఒప్పుకుంటాను.

తెరవెనుక: తొమ్మిదీ 48లో, రైలు మాత్రం రెండు రకాలుగా వేస్తాను. కాళ్ళ దగ్గర ఆపి కూడా చూపిస్తాను.