అలెప్పీ హౌస్‌బోటు: పాత కెట్టువల్లానికి రెట్టింపు రేటు పెట్టొచ్చా?

పటమట_ప్రసాద్:
నాన్నగారి షష్టిపూర్తి అయ్యాక అందరం కలిసి కేరళలో ఒక రాత్రి హౌస్‌బోటులో ఉందామనుకుంటున్నాం. పిల్లలతో కలిపి ఆరుగురం. ఒకాయన "వడ్లు మోసిన పాత చెక్కపడవని, అదే కెట్టువల్లాన్ని, బాగుచేయించి లగ్జరీగా మార్చాం" అంటున్నాడు. రేటు మాత్రం మిగతావాటికి రెట్టింపు. అది నిజంగా పాతదో కాదో ఎలా తెలుస్తుందండీ? అసలు అంత పెట్టొచ్చా?

బ్రాడీపేట_లక్ష్మి:
పాతదా కొత్తదా సంగతి తర్వాత. రాత్రంతా పడవ వెళ్తూనే ఉంటుందనుకోకండి. సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి గట్టున కట్టేస్తారు, ఆ టైమ్‌కి జాలర్లు వలలు వేసుకుంటారు. మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కిస్తారు, మర్నాడు పొద్దున్నే తొమ్మిదికి దించేస్తారు. మా మామగారైతే "ఇంత డబ్బు పోసింది గట్టున కట్టేయడానికా" అని సణిగారు. కాసేపటికి ఆయనే ముందు వసారాలో కుర్చీ వేసుకుని, గట్టు మీద గిన్నెలు తోముకునే ఆవిడతో భాష రాకపోయినా కబుర్లు మొదలుపెట్టారు.

కాలవగట్టు:
పాత కెట్టువల్లాన్ని గుర్తుపట్టడం తేలికే. ఆంజిలి చెక్క పలకల్ని ఒక్క మేకు కూడా కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. సందుల్లో పీచు కూరి, పైన జీడిపిక్కల నూనె పూస్తారు. లోపల నేల పలక ఒకటి ఎత్తించి చూడండి, కుట్ల వరస కనబడాలి. ఇనుప బోల్టులు కనబడితే ఆ రేటు ఇవ్వక్కర్లేదు. కుట్టనాడు నుంచి కొచ్చికి వడ్లు, బియ్యం మోసినవి ఇవే. లారీలు వచ్చాక మూలపడ్డాయి, 1990ల్లో బెడ్‌రూములు కట్టి మళ్లీ నీళ్లలోకి దింపారు. మన కొమ్మమూరు కాలవలోనూ ధాన్యం పడవలు తిరిగేవి, మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. మనం మాత్రం వాటిని కుళ్లబెట్టి వంటచెరకు చేసుకున్నాం. పోనీలెండి, అది వేరే చర్చ.

ఆటోనగర్_శ్రీను:
కుట్లు చూసి మురిసిపోవడం తర్వాత, ముందు బాత్రూము చూడండి. మాకు ఫోటోల్లో ఒక పడవ చూపించి, జెట్టీ దగ్గర ఇంకోటి అంటగట్టారు. దిండ్లకి డీజిల్ వాసన! పడవ నంబరు రాయించుకుని, వీడియో కాల్‌లో అదే పడవ చూసి అడ్వాన్సు కట్టండి. మిగతాది ఎక్కాకే. కేరళ టూరిజం వాళ్లు గోల్డ్ స్టార్, సిల్వర్ స్టార్ అని గ్రేడ్లు ఇస్తారు, ఆ సర్టిఫికెట్టూ అడగండి. ఇంకో తిరకాసు ఏసీ. మామూలు వాటిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకే వేస్తారు. పగలు కూడా కావాలంటే 'ఫుల్‌టైమ్ ఏసీ' అని రాతలో తీసుకోండి.

తెనాలి_సుజాత:
పిల్లలున్నారు కాబట్టి లైఫ్ జాకెట్లు వాళ్ల సైజులో ఉన్నాయో లేదో అడగండి. 2017లో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడ్డాక నేను ఏ పడవ ఎక్కినా మొదట చూసేది అదే.
తిండి బాగుంటుంది. వంటాయన మా ఎదురుగానే కరిమీను చేపకి గాట్లు పెట్టి, మసాలా పట్టించి పెనం మీద వేశాడు. అన్నం మాత్రం లావు మట్ట బియ్యం. పెద్దవాళ్లకి తెల్లన్నం ముందే చెప్పండి, ఆవకాయ మీరే పట్టుకెళ్లండి. దారిలో ఒక చోట ఆపి "రొయ్యలు కొంటారా" అంటారు, అది ప్యాకేజీలో ఉండదు.
పెద్ద పడవలు సన్నకాలవల్లోకి పోవు. ఊళ్ల మధ్య నుంచి వెళ్లాలంటే పొద్దున్నే గంటకో రెండు గంటలకో షికారా (చిన్న పడవ) మాట్లాడుకోండి. నన్నడిగితే లగ్జరీ కన్నా అదే బాగుంది.

బ్రాడీపేట_లక్ష్మి:
రైలు చెప్పడం మర్చిపోయాం. ధన్‌బాద్-అలెప్పీ బెజవాడ మీదుగానే వెళ్తుంది. గుంటూరు వాళ్లకి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. కొట్టాయంలో దిగితే కుమరకం దగ్గరే, అక్కడా హౌస్‌బోట్లు దొరుకుతాయి.

పటమట_ప్రసాద్:
అందరికీ థాంక్సండీ. కుట్లు వీడియోలో చూపించమన్నాను, రేపు చూపిస్తానన్నాడు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కడం దిగడం ఇబ్బందా?

ఆటోనగర్_శ్రీను:
ఇబ్బందే. అలెప్పీలో పడవలెక్కే పున్నమడ దగ్గర పడవలు పక్కపక్కనే కట్టి ఉంటాయి, ఒక్కోసారి రెండు మూడు పడవలు దాటుకుంటూ మన పడవలోకి వెళ్లాలి. గట్టుకి ఆనించి పెడితేనే ఎక్కుతామని బుకింగ్‌లోనే చెప్పేయండి.