ఎలుగుబంటి వస్తే ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మాది ఉద్దానంలో, మందస మండలం. నిన్న రాత్రి ఎలుగుబంటి మా పెరట్లో పనసతొనలు తిని, ఎదురుమొరిగిన కుక్క చెవి చీల్చి జీడితోటలోకి పోయింది. ఎవరికి తెలియజేయాలి?

జవాబు 1: అటవీశాఖ రేంజ్ కార్యాలయానికి తెలపండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుబంటి మొదటి షెడ్యూల్ (అత్యధిక రక్షణ ఉన్న జాబితా) జంతువు గనుక, ఊరివారు కర్రలతో వెంటపడితే ప్రాణాపాయంతోపాటు కేసు కూడా తప్పకపోవచ్చు. రాలిన పనసపండ్లను చీకటి పడకముందే ఏరేయండి.

జవాబు 2: కుక్క సంగతి పశుసంవర్ధక శాఖది. సంచార పశువైద్య వాహనం నంబరు 1962 (చట్టం సంవత్సరంతో తికమకపడకండి), అయితే చెవికి కుట్లు అవసరం కావచ్చు కాబట్టి నేరుగా పశువైద్యశాలకు తీసుకెళ్లడమే మేలు.

ప్రశ్న అడిగినవారు: కుట్లు పడ్డాయి, రేబిస్ టీకా కూడా వేశారు. రేంజ్ సిబ్బంది అడుగుజాడలు చూసి వెళ్లారు.