ప్రొజెస్టిరాన్‌కి మనిషి శుక్రకణం స్పందిస్తుంది, మరి చిట్టెలుకది?

ఎమ్మెస్సీ జువాలజీ సెమినార్‌కి కెపాసిటేషన్ (శుక్రకణం అండంలోకి చొరబడే సామర్థ్యం సంపాదించుకోవడం) తీసుకున్నానండి. ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు చెప్పండి.

స్ఖలనమైన వెంటనే క్షీరదాల శుక్రకణం అండంలోకి చొరబడలేదు, ఆడ జననమార్గంలో కొంతసేపు గడపాలి అన్నది 1951లోనే చాంగ్, ఆస్టిన్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు కనిపెట్టారు. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ శుక్రకణం పొరలోంచి కొలెస్టెరాల్‌ని లాగేయడం, బైకార్బనేట్ వల్ల లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరగడం, ఇక్కడిదాకా బాగానే ఉంది.

చిక్కంతా ప్రొజెస్టిరాన్‌తోనే. అండం చుట్టూ ఉండే క్యూములస్ కణాలు దీన్ని విడుదల చేస్తాయి. స్టిరాయిడ్ హార్మోన్ అంటే కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని కదిపి తీరిగ్గా పనిచేస్తుందని కదా డిగ్రీలో చదివాం! మనిషి శుక్రకణంలో అలా కాదు. తోకలోని క్యాట్‌స్పర్ అనే కాల్షియం ఛానెళ్లు క్షణాల్లో తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, తోక కొరడాలా కొట్టుకుంటుంది. 2011లో రెండు బృందాలు ఇది చూపించాయి. ఆ ఛానెల్‌ని మూసి ఉంచే 2-ఏజీ అనే కొవ్వు పదార్థాన్ని ఏబీహెచ్‌డీ2 ఎంజైమ్ విరగ్గొడుతుందని, ఆ ఎంజైమ్‌ని ప్రొజెస్టిరాన్ మేల్కొలుపుతుందని 2016లో ప్రతిపాదించారు.

కానీ చిట్టెలుకలో క్యాట్‌స్పర్ ఉన్నా ప్రొజెస్టిరాన్‌కి అలా తెరుచుకోదట. క్యాట్‌స్పర్ లేకపోతే మగ చిట్టెలుకకు సంతానమే కలగదు కూడా. మరి అక్కడ ఛానెల్‌ని తెరిచేది ఏది? లోపలి పీహెచ్ పెరగడం ఒక్కటే సరిపోతుందా? దున్నపోతు, ఆంబోతు శుక్రకణాలు ఈ విషయంలో ఎవరి పక్షం? వెటర్నరీ వాళ్లుంటే ఇది మాత్రం తప్పకుండా చెప్పండి, సెమినార్‌లో మొదట అడిగేది ఇదే.