నాసిక్ వైన్ వల్ల రైతుకు మిగిలేది ఎంత? మా నాలుగెకరాల్లో వైన్ ద్రాక్ష వేయొచ్చా?

పందిరి_నీడ

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి అనంతపురం జిల్లా. నాన్నకు నాలుగెకరాల ద్రాక్ష తోట ఉంది, అంతా థామ్సనే, అదే గింజ లేని తినే ద్రాక్ష. నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. గోదావరి పుట్టిన చోటు చూడాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక, అందుకే మొన్న ఫిబ్రవరిలో ఇద్దరినీ త్ర్యంబకేశ్వరం తీసుకెళ్ళాను. తిరిగి వస్తూ నాసిక్ పక్కన గంగాపూర్ డ్యామ్ వైపు సులా అనే వైన్ కంపెనీ వాళ్ళ తోటలు, వైనరీ (వైన్ తయారుచేసే ఫ్యాక్టరీ) చూద్దామని ఆగాం. నాన్న మందు ముట్టరు, లోపలికి రానన్నారు. గట్టు మీద నిలబడి గంటసేపు తోటనీ, వచ్చేపోయే బళ్ళనీ చూశారు. పార్కింగ్ నిండా ముంబై, పుణె, గుజరాత్ కార్లు. దారి పొడవునా హోటళ్ళు, గదులు, ఆటోలు, ద్రాక్ష బుట్టలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళు.

కారెక్కాక నాన్న అడిగింది ఒక్కటే: "ఇంతమందికి కూడు ఆ గుత్తుల్లోంచే వస్తోందా? మరి పండించినోడికి ఎంత ఇస్తున్నారు?" నాకు తెలియదు, చెప్పలేకపోయాను.

మా కథ చెప్తాను. కిందటేడు కోతకు వారం ముందు వాన పడి కాయ పగిలింది. అంతకు ముందు ఏడు పంట బాగుంది కానీ మాట ఇచ్చిన వ్యాపారి కోత రోజున రేటు తగ్గించాడు, కోసిన పండు రెండు రోజులు ఆగదు కదా, ఇచ్చినంత తీసుకున్నాం. అందుకే ముందుగానే రేటు కాగితం మీద రాసిచ్చే పంట ఉందంటే నాన్నకు ఆశ పుట్టింది. అమ్మకు మాత్రం ఇష్టం లేదు, మన చేత్తో మందుకి పండు పండించొద్దు అంటోంది.

అక్కడి వైన్ పరిశ్రమ నిజంగా ఆ జిల్లాకి అంత మేలు చేసిందా, చేస్తే అందులో రైతు వాటా ఏమిటి, మన వైపు ఇది కుదురుతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

దిండోరి_తెలుగోడు

తమ్ముడూ, మాది నిజామాబాద్. తొమ్మిదేళ్ళుగా నాసిక్ జిల్లా దిండోరి తాలూకాలో ఒక వైనరీకి తోటల సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. పేరు చెప్పను, పని గురించి చెప్తాను.

ముందు మీ నాన్నగారి ప్రశ్న. కిలో లెక్కన చూస్తే మంచి థామ్సన్‌కి ఎగుమతి రేటు పలికిన ఏడాది వైన్ ద్రాక్ష దాని ముందు నిలవదు. దిగుబడి కూడా తక్కువే, ఎకరానికి ఎక్కువ కాయ వదిలితే రుచి పలచబడుతుందని కంపెనీ వాళ్ళే గుత్తులు తీయించేస్తారు. అయినా ఇక్కడి రైతులు ఎందుకు వేస్తున్నారంటే ఖర్చు, ధైర్యం ఈ రెండిటి వల్ల. తినే ద్రాక్షకి కాయ లావెక్కాలని గుత్తిని జీఏలో (జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోన్ మందు) ముంచాలి, ఒకసారి కాదు, తర్వాత ఒక్కో గుత్తిలో కాయలు కత్తెరతో పలచన చేయాలి, రోజుల తరబడి కూలీలు కావాలి, మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. వైన్ ద్రాక్షకి ఇవేవీ ఉండవు. చిన్న కాయ, మందం తోలు, లోపల గింజ, అదే వాళ్ళకి కావాలి. షిరాజ్, కాబర్నే, షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్ లాంటి రకాలు. పైన ఒప్పందం ఉంటుంది, చాలాచోట్ల కొన్నేళ్ళకి రాసుకుంటారు. రేటు తీపిని బట్టి, అంటే బ్రిక్స్‌ని బట్టి. తినే పండు 18 దగ్గర కోస్తాం కదా, వైన్‌కి 22, 23, రకాన్ని బట్టి ఇంకొంచెం పైన. కోత జనవరి నుంచి మార్చి దాకా, ఎండ ఎక్కకముందే, తెల్లవారుజామున తలకి లైట్ కట్టుకుని కోసి చల్లగా ఉండగానే ఫ్యాక్టరీకి చేర్చేస్తాం.

ఇంక ఊరి సంగతి. 750 మిల్లీలీటర్ల సీసాకి కిలోకి కాస్త పైన పండు పడుతుంది. అంటే సీసా ధరలో పండు ధర చాలా చిన్న ముక్క. మిగతాది ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్ళకి, సీసాలు, అట్టపెట్టెలు, లేబుళ్ళు చేసేవాళ్ళకి, లారీలకి, పన్నులకి, దుకాణానికి, గదులు అద్దెకిచ్చేవాళ్ళకి పోతుంది. నాసిక్ చేసిన పని ఏమిటంటే ఆ మిగతాదాంట్లో చాలా భాగాన్ని జిల్లా దాటిపోనివ్వకుండా ఉంచుకుంది. పండు లారీ ఎక్కి ఢిల్లీ మండీకి పోతే అందులో సగం డబ్బు దారిలోనే దిగిపోతుంది. ఇక్కడ మా ఊరి పిల్లలు ఇంటర్ చదివి టేస్టింగ్ గదిలో పనికి చేరారు, ఇంగ్లీషు నేర్చుకున్నారు, ఒకమ్మాయి ఇప్పుడు ల్యాబ్‌లో ఉంది. వాళ్ళ అమ్మానాన్నలు ద్రాక్ష కూలీలు. నా కళ్ళతో చూసింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

1997లో సులా పెట్టిన రాజీవ్ సామంత్ ఇక్కడ తన మొదటి మొక్కలు నాటేనాటికి నాసిక్ అంటే ఉల్లిపాయ, తినే ద్రాక్ష, కుంభమేళా. 2000లో వాళ్ళ మొదటి వైన్ వచ్చింది, 2022 డిసెంబర్‌లో కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్ళింది. ఫ్రాన్స్ వాళ్ళ వైన్ కంపెనీ షాండన్ కూడా దిండోరిలో వైనరీ పెట్టింది. ఇదంతా పాతికేళ్ళలోనే జరిగింది.

నంది_కొండ_రైతు

అన్నా, దిండోరి అన్న చెప్పింది నిజమే కానీ రెండో వైపు కూడా వినండి. మాది చిక్కబళ్ళాపురం, ఇంట్లో తెలుగే. మేము వేసేది బెంగళూరు బ్లూ. ఆ పండు తినడానికి పోతుంది, జ్యూస్‌కి పోతుంది, తీపి వైన్ చేసేవాళ్ళూ కొంటారు, ఏడాదికి రెండు కాపులు వస్తాయి. ఒకడు వద్దంటే ఇంకొకడి దగ్గరికి తీసుకెళ్తాం. ఫ్రెంచి రకాలకి ఆ వెసులుబాటు లేదు. షిరాజ్ గుత్తిని సంతలో పెడితే ఎవరు కొంటారు? చిన్న కాయ, నోటినిండా గింజలు. ఎండబెట్టి కిస్‌మిస్ చేద్దామన్నా గింజే అడ్డం. అంటే వైనరీ గేటు మూసేస్తే తోట మొత్తం పాడే.

ఇది ఊహించి చెప్పట్లేదు. మా పెద్దక్కను మహారాష్ట్రలో ద్రాక్ష రైతు ఇంటికే ఇచ్చాం. 2008లో అమెరికా మాంద్యం, నవంబర్‌లో ముంబై దాడులు, హోటళ్ళు ఖాళీ. వైన్ అమ్మకాలు పడిపోయాయి, ట్యాంకుల్లో పాత సరుకే నిండుగా ఉంది, కొత్త పండు ఎవరికి కావాలి? బావగారితో ఒప్పందం రాసుకున్న కంపెనీ ఆ ఏడాది పండు తీసుకుని డబ్బు ఇవ్వలేదు, తర్వాతి ఏడాది పండే తీసుకోలేదు. కాగితం ఉంది, సంతకం ఉంది, కోర్టుకి తిరిగే ఓపిక ఎవరికి ఉంది? రెండెకరాల తోట పీకేసి మళ్ళీ థామ్సన్ పెట్టారు. ఆ చుట్టుపక్కల అలా పీకినవాళ్ళు చాలామంది. ద్రాక్ష తోట అంటే స్తంభాలు, తీగలు, డ్రిప్పు, మూడో ఏడుకి గానీ సరైన కాపు రాదు, పీకేటప్పుడు ఆయన ఏడ్చారని అక్క ఫోన్‌లో చెప్పింది.

మా దగ్గర దొడ్డబళ్ళాపురంలో గ్రోవర్ వైన్ కంపెనీ వాళ్ళు 1988లోనే మొదలుపెట్టారు, కర్ణాటక 2007లో వైన్ పాలసీ తెచ్చింది, వైన్ బోర్డు పెట్టింది, అవన్నీ మంచివే. కానీ దేవనహళ్ళికి విమానాశ్రయం వచ్చాక భూమి రేటు ముందు ఏ ద్రాక్షా నిలబడలేదు.

నా మాట ఏమిటంటే, ముప్పై నలభై కిలోమీటర్లలో కనీసం రెండు వైనరీలు లేకపోతే వైన్ ద్రాక్ష జోలికి పోవద్దు. ఒక్కటే ఉంటే రేటు వాడిష్టం.

పన్నుల_పద్దు

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని, హైదరాబాద్. తోట గురించి తెలియదు, పన్ను గురించి చెప్తాను, ఎందుకంటే నాసిక్ కథలో సగం అదే.

2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పాలసీ తెచ్చింది. రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసిన వైన్‌కి ఎక్సైజ్ సుంకం మినహాయించారు, నాసిక్ జిల్లా వించూర్‌లో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో వైన్ పార్కులు, అంటే వైనరీల కోసం పారిశ్రామిక వాడలు, పెట్టారు. 2009 నుంచి వ్యాట్ 20 శాతంలో 16 శాతం తయారీదారుకి వెనక్కి ఇచ్చే పథకం నడిపారు. రైతు దగ్గర పండు కొనే శక్తి వైనరీకి అక్కడి నుంచి వచ్చింది. ప్రభుత్వం లెక్క ఏమిటంటే, సీసా మీద వదులుకున్న పన్ను ఉద్యోగాల్లో, టూరిజంలో తిరిగొస్తుందని. పైగా బయటి దేశాల వైన్ మీద 150 శాతం కస్టమ్స్ గోడ ఉంది. ఆ గోడ ఇప్పుడు కరుగుతోంది, 2022 డిసెంబర్ చివర్లో అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా వ్యాపార ఒప్పందంతో 5 డాలర్లు దాటిన సీసాకి 100 శాతం, 15 డాలర్లు దాటితే 75 శాతం చేశారు, పదేళ్ళలో ఇంకా తగ్గుతుంది. కొత్తగా తోట వేసేవాళ్ళు ఇది కూడా లెక్కలో పెట్టుకోవాలి, మీ మొక్క బతికేది పదిహేనేళ్ళు.

మన రెండు రాష్ట్రాల్లో హోల్‌సేల్ మొత్తం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. మద్యం అంటే ఖజానాకి రాబడి, అంతే, రైతుకి పంట దారి అనే కోణం ఎక్కడా లేదు. 'వైన్స్' అని బోర్డు పెట్టిన షాపులో అమ్ముడయ్యేది విస్కీ, బ్రాందీ, బీరు. అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పందిళ్ళతో ఒకప్పుడు దేశమంతా చెప్పుకున్న హైదరాబాద్ చుట్టూ ఈరోజు ఆ తోటలు లేవు, ప్లాట్లున్నాయి. పండు మీద ఆధారపడిన ఫ్యాక్టరీ ఏదైనా పక్కన ఉండి ఉంటే కొన్ని తోటలైనా మిగిలేవేమోనని నాకు అనిపిస్తుంది.

కలిగిరి_కోడలు

నెల్లూరు జిల్లా నుంచి రాస్తున్నాను. ఇక్కడ అందరూ లెక్కలు చెప్తున్నారు, ఆ అమ్మగారి మాట ఎవరూ పట్టించుకోలేదు, అందుకే నేను మాట్లాడుతున్నాను.

మా అత్తగారు 1992లో దూబగుంట ఆడవాళ్ళతో కలిసి సారా పాకెట్ల బండిని అడ్డుకున్న మనిషి. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యం ఆపారు, 1997కల్లా మళ్ళీ తెరిచారు, ఎందుకు? రాబడి పోతోందని. ఆ మాట మా అత్తగారు ఇప్పటికీ మరచిపోలేదు. ఉద్యోగాలు, టూరిజం అన్నప్పుడల్లా మాకు అదే గుర్తొస్తుంది. మహారాష్ట్రలో కూడా 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మడానికి క్యాబినెట్ ఒప్పుకుంటే అన్నా హజారే నిరాహార దీక్ష చేస్తానన్నారు, అది అమల్లోకి రాలేదు. రైతు కోసమే అన్నారు అప్పుడు కూడా.

నేను వైన్, సారా ఒకటే అనడం లేదు. నాసిక్‌లో తాగేది ముంబై నుంచి కారులో వచ్చినవాళ్ళు, మా ఊళ్ళో తాగింది కూలి డబ్బు. ఆ తేడా నాకు తెలుసు. కానీ ఒక జిల్లా బతుకు మొత్తం సీసా మీద ఆధారపడితే రేపు దాన్ని ఎవరూ ప్రశ్నించలేరు. అమ్మగారికి ఇష్టం లేదంటే అది చాదస్తం కాదు, ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడండి.

దిండోరి_తెలుగోడు

కలిగిరి అక్కా, మీ మాటకి ఎదురు చెప్పను. మా కూలీల్లో కూడా సాయంత్రం దేశీ దారూ షాపుకి పోయేవాళ్ళున్నారు, వాళ్ళ భార్యలు జీతం తమ చేతికే ఇవ్వమని నన్ను అడుగుతారు, నేను వీలైనంతవరకు బ్యాంకులో ఆడవాళ్ళ పేరునే వేయిస్తాను. ద్రాక్ష పనిలో ఎక్కువ మంది ఆడవాళ్ళే, అది కూడా లెక్కలోకి రావాలి.

తమ్ముడూ, నేల సంగతి మరచిపోయాను. నాసిక్ 600 మీటర్ల ఎత్తు దగ్గర ఉంటుంది, చలికాలం రాత్రి 10 డిగ్రీల లోపుకి పడిపోతుంది. ఆ చలికే పండులో పులుపు నిలుస్తుంది. నంది కొండల వైపు ఇంకా ఎత్తు. అనంతపురం 350 మీటర్లు, రాత్రుళ్ళు అంత చల్లబడవు, తీపి ఎక్కుతుంది కానీ పులుపు జారిపోతుంది. మడకశిర, హిందూపురం వైపైతే ఎత్తు ఎక్కువ, అక్కడైతే కాస్త ఆలోచించవచ్చు. మీ తోట ఎక్కడ?

పందిరి_నీడ

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. రాత్రి ఫోన్‌లో స్పీకర్ పెట్టి ఇవన్నీ చదివి వినిపించాను. నంది కొండ అన్న బావగారి తోట పీకిన దగ్గర నాన్న ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు మాట్లాడలేదు. కలిగిరి అక్క రాసింది అమ్మ రెండుసార్లు చదివించుకుంది.

మా తోట ధర్మవరం దగ్గర, ఎత్తు లేదు, వైనరీ అసలే లేదు. కాబట్టి నాలుగెకరాలూ థామ్సనే ఉంటుంది. కానీ నాన్న ఇంకో మాట అన్నారు, వైన్ కాకపోయినా మా ఊళ్ళో పదిమంది రైతులం కలిసి కోల్డ్ స్టోరేజీ, కిస్‌మిస్ షెడ్డు పెట్టుకుంటే కోత రోజున వ్యాపారి రేటు తగ్గించినా పండు ఆపుకోవచ్చు కదా అని. సాంగ్లీ వైపు తాస్‌గావ్‌లో కిస్‌మిస్ షెడ్లు చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎకరం పండుకి ఎంత షెడ్డు కావాలో, ఎండడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పగలరా? అక్టోబర్ కత్తిరింపు లోపల నాన్నను అటు తీసుకెళ్ళాలని ఉంది.